గిటార్ కొన్నాను, కార్డ్ (chord) మారేసరికి పాట ఆగిపోతోంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు వాయించేవాళ్లు కాస్త దారి చెప్పండి

గరివిడి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది గరివిడి. విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. వయసు 27. చిన్నప్పటి నుంచి గిటార్ అంటే ప్రాణం. ఈ దసరాకి చేతిలో కాస్త డబ్బు పడితే ఆన్‌లైన్‌లో ఒక అకౌస్టిక్ గిటార్ తెప్పించుకున్నాను. స్టీలు తీగలది. దాంతోపాటు సంచి, తీగలు మీటే పిక్కులు, కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపెట్టే క్లిప్పు), భుజానికి వేసుకునే బెల్టు కూడా ఇచ్చారు.

కార్డ్‌లలో, అంటే కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్లలో, ఈ మైనర్ (Em) తొందరగానే వచ్చేసింది. ఏ మైనర్ (Am), డి కూడా ఫర్వాలేదు. సి దగ్గర మొదలైంది గొడవ. అన్ని వేళ్లూ సరిగ్గానే పెట్టాననుకుంటాను, మీటితే ఒక తీగ మూగబోతుంది, ఇంకోటి జిర్రుమంటుంది. ఒక్కో కార్డూ విడిగా పట్టుకుంటే ఎలాగో మోగుతోంది గానీ, ఒకదాని నుంచి ఇంకోదానికి మారేసరికి పాట ఆగిపోతోంది. వేళ్లు సర్దుకుని మళ్లీ అందుకునేలోపు పాట ఎక్కడికో వెళ్లిపోతుంది. ఎఫ్ అయితే అసలు లొంగడం లేదు.

వేళ్ల కొనలు ఎర్రగా కందిపోయాయి. పొద్దున్నే ఫోన్ స్క్రీన్ తాకినా చురుక్కుమంటోంది. ఇది మామూలేనా, ఎన్నాళ్లుంటుంది?

వీడియోల్లో ఒకాయన ముందు స్కేల్స్ (స్వరాల వరసలు) అంటారు, ఇంకొకాయన ముందు కార్డ్స్ అంటారు, మరొకరు స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) రాకపోతే దండగ అంటారు. ఏది ముందు పట్టుకోవాలో తేలడం లేదు. సాయంత్రం రైలు దిగి ఇంటికి చేరేసరికి ఏడున్నర. భోజనాల ముందు అరగంట, మహా అయితే ముప్పావుగంట నా చేతిలో ఉంటుంది.

ఇంకో సంగతి. మా నాన్నగారు "విజయనగరంలో అంత పేరున్న సంగీత కాలేజీ ఉండగా ఆ దొరల వాయిద్యం ఏటిరా? నేర్చుకుంటే వయొలినో వీణో నేర్చుకో" అంటున్నారు. కోపంతో కాదు, నిజంగానే అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. చిన్నప్పుడు మా పిన్ని దగ్గర కర్ణాటక సంగీతం మొదటి పాఠాలు, సరళీ స్వరాలు, జంట స్వరాలు కొంతవరకు నేర్చుకున్నాను. అవి గిటార్‌కి ఏమైనా పనికొస్తాయా?

పెద్దవాళ్లు, అన్నలు, అక్కలు ఎవరైనా చెప్పండి.


ఆమదాలవలస గిటార్:

తమ్ముడూ, మాది ఆమదాలవలస. ప్రతి ఆదివారం చర్చిలో వాయిస్తాను. డిసెంబరు వచ్చిందంటే దాదాపు ప్రతి రాత్రీ గిటార్ భుజాన ఉండాల్సిందే.

వేళ్ల నొప్పి మామూలే, భయపడకు. రోజూ కొంచెం కొంచెం వాయిస్తే మూడు నాలుగు వారాల్లో కొనలు గట్టిపడతాయి. వారమంతా వదిలేసి ఆదివారం మూడు గంటలు కూర్చున్నావనుకో, నొప్పి మిగులుతుంది గానీ చర్మం గట్టిపడదు. నీకున్న అరగంటని రెండు ముక్కలు చేసుకో. పొద్దున్న రైలుకి ముందు పావుగంట, రాత్రి పావుగంట. స్నానం చేసి రాగానే పట్టుకోకు, నానిన చర్మం మీద తీగ లోతుగా దిగుతుంది. మధ్యలో చర్మం పొరలుగా లేస్తుంది, దాన్ని పీకొద్దు. ఎడమచేతి గోళ్లు మాత్రం పూర్తిగా తీసేయాలి. గోరు పెరిగితే వేలు నిలువుగా దిగదు, వాలిపోయి పక్క తీగకి తగులుతుంది. నీ సి కార్డ్‌లో మూగబోయే తీగ ఏదో చూడు, పైవేలు దాన్ని ఆనుకుని ఉంటుంది. ఇంకో మాట, వేలు రెండు ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) మధ్యలో కాదు, ముందున్న ఫ్రెట్‌కి దాదాపు ఆనుకుని పెట్టాలి. అక్కడ సగం బలంతోనే మోగుతుంది.

తీగలు ఏ నంబరువో చూసుకో. 12 నంబరు అంటే అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 12. కొత్త చేతికి అది బరువు. 10 నంబరు సెట్టు వేయించుకుంటే వేళ్లకి చాలా సుఖం. శబ్దం కాస్త పల్చబడుతుంది, ఇప్పుడు దానితో పనిలేదు.

నేను నీకు గట్టిగా చెప్పాలనుకున్నది ఇది. తలుపేసుకుని ఒక్కడివే వాయించకు. పాడేవాళ్లతో కలిసి వాయించు. చర్చిలో పాట మొదలైందంటే సంఘం అంతా పాడుతుంది, చప్పట్లు కొడతారు, గిటార్ వాడి వేళ్లు కుదరలేదని ఎవరూ ఆగరు. నేను జి, సి, డి, ఈ మైనర్ ఈ నాలుగూ పట్టుకుని వెనక వరసలో నిలబడి, కుదిరిన కార్డ్ వాయిస్తూ కుదరనిది వదిలేస్తూ నేర్చుకున్నాను. మా వైపు చాలామంది గిటార్, కీబోర్డు, డ్రమ్స్ వాళ్లు అలా తయారైనవాళ్లే. క్రిస్మస్ ముందు రాత్రిళ్లు ఇంటింటికీ పాటలు పాడుతూ తిరిగేటప్పుడు చలికి వేళ్లు కొంకర్లు పోతాయి, నడుస్తూ వాయించాలి, ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో తెలియదు. ఆ నెల రోజుల్లో వచ్చినంత ధైర్యం నాకు ఏ వీడియో చూసినా రాలేదు. నీకు చర్చి కాకపోతే మీ పిన్ని ఉన్నారుగా, ఆవిడని పాడమను. భజన బృందమైనా సరే, కాలేజీ కుర్రాళ్లైనా సరే. మనిషి గొంతు పక్కన ఉండాలి.


అయ్యకోనేరు మాస్టారు:

బాబూ, నేను విజయనగరంలో అయ్యకోనేరు గట్టు వైపు ఉంటాను. చదువుకున్నది వయొలిన్, ఇక్కడి సంగీత కళాశాలలోనే. తర్వాత గిటార్ మీద మనసుపడి, చాలా ఏళ్లుగా సాయంత్రాలు పిల్లలకి గిటార్ చెబుతున్నాను. ఆమదాలవలస అబ్బాయి మంచి మాట చెప్పాడు. నేను ఇంకాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ గిటార్‌ని కొలువు. జామెట్రీ బాక్సులోని స్టీలు స్కేలు చాలు. నట్ (మెడ కొసన తీగలు గాడుల్లో కూర్చునే పట్టీ) వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ 12వ ఫ్రెట్ దగ్గరికి రా. అక్కడ ఫ్రెట్ పైభాగానికీ, లావు తీగ అడుగుకీ మధ్య సందు ఎంతుందో చూడు. రెండున్నర మిల్లీమీటర్లకి కొంచెం అటూ ఇటూ ఉంటే బాగున్నట్టే. సన్న తీగ దగ్గర రెండు ఉండాలి. చవక గిటార్లలో ఇది మూడున్నర, నాలుగు దాకా కూడా ఉంటుంది. "నా వేళ్లు పొట్టివి సార్, నాకు రాదేమో" అని నా దగ్గరికి వచ్చిన పిల్లల గిటార్ కొలిచి చూస్తే, చాలాసార్లు తప్పు వేళ్లది కాదు, తీగల ఎత్తుది. సరిచేసి చేతికిస్తే ఆ సాయంత్రమే మొహం విప్పారుతుంది. 

రెండో పరీక్ష నట్ దగ్గర. ఒక్కో తీగనీ రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీదకి చూడు. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువుంటే నట్‌లో గాడి లోతు చాలలేదన్నమాట. అలాంటి గిటార్‌లో మొదటి ఫ్రెట్ నొక్కడం మహా కష్టం, పైగా స్వరం కాస్త పైకి జరుగుతుంది. సి, ఎఫ్ రెండిటికీ చూపుడు వేలు మొదటి ఫ్రెట్ మీదే ఉంటుంది కదా, నీ ఇబ్బంది సగం అక్కడే ఉండొచ్చు.

శ్రుతి చేయకుండా ఒక్క నిమిషం కూడా వాయించకు. లావు తీగ నుంచి వరసగా తీగల పేర్లు ఈ, ఏ, డి, జి, బి, ఈ (E, A, D, G, B, E). ఫోన్‌లో ట్యూనర్ యాప్ చాలు. లావు ఈ సెకనుకి 82 సార్లు, సన్న ఈ దాదాపు 330 సార్లు కంపిస్తాయి. అంటే రెండూ ఒకే స్వరం, మధ్యలో రెండు స్థాయిల తేడా. యాప్ చూశాక ఈ రెండు తీగల్నీ కలిపి మీటి చెవితో కూడా విను. సరళీ స్వరాలు పాడిన చెవి నీది, తేడా ఉంటే పట్టుకుంటుంది. కొత్త తీగలు వేసిన మొదటి రోజుల్లో సాగి శ్రుతి దిగిపోతూ ఉంటాయి, కంగారు పడకు.

ఇక అసలు విషయం. కార్డ్ మార్పు కష్టం అన్నావు. కొత్తవాళ్లంతా ఇదే చెబుతారు, అందరి చూపూ ఎడమ చేతి మీదే. నేను కుడి చేతిని చూస్తాను. ఎడమ చెయ్యి ఆలస్యమైతే ఒక దెబ్బ తప్పుగా వినిపిస్తుంది, వినేవాళ్లు తర్వాతి దెబ్బకి దాన్ని మర్చిపోతారు. కుడి చెయ్యి ఆగితే పాట పోతుంది. నీ పాట ఆగుతున్నది ఎడమ చెయ్యి నెమ్మదిగా ఉన్నందుకు కాదు, దాని కోసం కుడి చెయ్యి ఎదురుచూస్తున్నందుకు. ఈ ఎదురుచూపు మాన్పించాలి. ఇది నేను ప్రతి కొత్త విద్యార్థికీ మొదటి రోజే చెబుతాను, మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంటాను.

ఇలా చెయ్యి. ఎడమచేతి వేళ్లని తీగల మీద తేలిగ్గా ఆనించు, నొక్కొద్దు. ఇప్పుడు ఎక్కడ మీటినా స్వరం రాదు, చిక్ చిక్ అని చప్పుడే వస్తుంది. మెట్రోనోమ్ (లయకి టిక్ టిక్ మనే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, కాలితో దెబ్బ వేస్తూ, నోటితో తకధిమి తకధిమి అను. ఒక్కో కాలి దెబ్బకి రెండు అక్షరాలు. త అన్నప్పుడు చెయ్యి కిందికి, క అన్నప్పుడు పైకి, ధి కిందికి, మి పైకి. ఎనిమిది అక్షరాలకీ చెయ్యి ఎనిమిది సార్లు తిరగాలి. మణికట్టు వదులుగా ఉండాలి, పిక్కు పల్చటిది తీసుకో. అది కుదిరాక, చెయ్యి అలాగే తిరుగుతూ ఉండగానే రెండు అక్షరాలు తీగకి తగలకుండా వదిలెయ్యి. మొదటి తకధిమిలో క వదిలెయ్యి, రెండో తకధిమిలో త వదిలెయ్యి. త, ధిమి, కధిమి. సినిమా పాటలకీ, చర్చి పాటలకీ లెక్కలేనన్ని చోట్ల ఈ నడకే వాడతారు. వదిలేసిన అక్షరం దగ్గర చెయ్యి గాలిలో తిరగాలి, ఆగకూడదు. తిశ్రంలో, అంటే మూడేసి అక్షరాల నడకలో సాగే పాటైతే తకిట తకిట, ఆరూ కిందికే కొట్టు, త దగ్గర బరువు వెయ్యి.

మన తప్పెటగుళ్లు దగ్గర్నుంచి చూశావా? గుండె మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు. గెంతుతారు, గుండ్రంగా తిరుగుతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడతారు, అయినా దెబ్బ తప్పదు. లయ కాళ్లలో ఉంది, చెయ్యి దాని వెంట పోతుంది. అందుకే నేను కాలితోనే మొదలుపెట్టిస్తాను. కూర్చున్నవాడి కాలు కదలకపోతే ఆ రోజు కార్డ్ చెప్పను.

చప్పుడు నిలిచాక రెండే కార్డ్‌లు తీసుకో, ఏ మైనర్, సి. ఏ మైనర్ పట్టుకుని వేళ్లు చూడు. చూపుడు వేలు బి తీగ మొదటి ఫ్రెట్ మీద, మధ్యవేలు డి తీగ రెండో ఫ్రెట్ మీద, ఉంగరపు వేలు జి తీగ రెండో ఫ్రెట్ మీద. ఇప్పుడు ఉంగరపు వేలు ఒక్కటే ఎత్తి ఏ (A) తీగ మూడో ఫ్రెట్ మీద పెట్టు. అదే సి. మిగతా రెండు వేళ్లూ కదిలే పనే లేదు. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు చాలామంది మూడు వేళ్లూ గాల్లోకి లేపేసి మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటారు. జి నుంచి ఈ మైనర్‌కి వెళ్లేటప్పుడూ అంతే, ఏ (A) తీగ రెండో ఫ్రెట్ మీద చూపుడు వేలు పెట్టి రెండూ పట్టుకో, అది అక్కడే ఉండిపోతుంది. ఏ మార్పు నేర్చుకున్నా ముందు కదలని వేలు ఏదో వెతుకు.

నాలుగు దెబ్బలు ఏ మైనర్, నాలుగు సి. నాలుగో దెబ్బకి చివరి మి దగ్గర చెయ్యి పైకి వచ్చేటప్పుడే ఉంగరపు వేలు లేచిపోవాలి. ఆ మీటు సగం ఖాళీ తీగల మీద పడుతుంది. పడనివ్వు. బాగా వాయించేవాళ్లని నెమ్మదిగా విను, వాళ్లూ అక్కడ ఖాళీ తీగలే మీటుతుంటారు.

స్టాఫ్ నొటేషన్ తర్వాత చూసుకోవచ్చు. గ్రేడ్ పరీక్షలు రాయాలనుకుంటేనో, క్లాసికల్ గిటార్ వైపు వెళ్తేనో తప్పదు. ఇప్పుడు వద్దు.

మీ నాన్నగారి మాట గురించి. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆయనతో ఇలా చెప్పు. మన సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అక్కడ వయొలిన్ చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ వయొలిన్ యూరప్ నుంచి వచ్చినదే. మనవాళ్లు దాన్ని ఒళ్లోకి తెచ్చుకుని, శ్రుతి మార్చి, గమకం నేర్పి మన వాయిద్యం చేసుకున్నారు. మొన్నమొన్నటి సంగతి, పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి లోకమంతా తిరిగి వచ్చారు. వాయిద్యం ఎక్కడ పుట్టిందన్నది ఈ ఊళ్లో సంగీతం తెలిసినవాళ్లు ఎప్పుడూ అడ్డం పెట్టుకోలేదు. తర్వాత నాన్నగారికి ఇష్టమైన పాత పాట ఏదో కనుక్కో. రెండు మూడు కార్డ్‌లతో నడిచేది అయితే ముందు అదే నేర్చుకో.


గరివిడి కుర్రాడు:

మాస్టారూ, చాలా ధన్యవాదాలు. అన్నా, మీక్కూడా. స్కేలు పెట్టి కొలిచాను. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద మూడున్నర మిల్లీమీటర్లు ఉంది. మూడో ఫ్రెట్ పరీక్షలో బి తీగకీ, సన్న ఈ తీగకీ మొదటి ఫ్రెట్ మీద సందు బాగా కనిపిస్తోంది. సి కార్డ్‌లో మూగబోయేది డి పక్కనున్న జి తీగ, మధ్యవేలు దానికి తగులుతోంది. గోరు తీశాక కొంచెం నయం.

ఏ మైనర్ నుంచి సి కి ఒక్క వేలే కదపాలని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. తకధిమితో చేస్తే రెండు కార్డ్‌ల మధ్య పాట ఆగడం లేదు, శబ్దం అప్పుడప్పుడు చెడుతోంది గానీ నడుస్తోంది. చాలా సంతోషంగా ఉంది.

మూడు అడుగుతాను, విసుక్కోకండి. ఎత్తు తగ్గించడం ఇంట్లో చేసుకోవచ్చా? ఎఫ్ ఎలా లొంగుతుంది? సరళీ స్వరాల సంగతి?


బొబ్బిలి వీణ:

నాన్నా, స్వరాల సంగతి నేను చెబుతాను. మాది బొబ్బిలి. నేను వీణ వాయిస్తాను, మా అబ్బాయి గిటార్ వాయిస్తాడు. ఇంట్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రోజూ పోల్చి చూసుకుంటూనే ఉంటాం.

నీ సరళీ స్వరాలు అక్షరాలా పనికొస్తాయి. ఏదైనా ఒక్క తీగ తీసుకో. ఖాళీ తీగ షడ్జమం అనుకో. మాయామాళవగౌళ రాగానికి రి ఒకటో ఫ్రెట్, గ నాలుగు, మ అయిదు, ప ఏడు, ద ఎనిమిది, ని పదకొండు, పై స పన్నెండు. పాడుతూ వాయించు, పాడకుండా వాయించకు. తర్వాత శంకరాభరణానికి రి రెండు, ద తొమ్మిది చేస్తే చాలు, మిగతావి అవే. పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనేది అదే. అందులోంచి మ, ని తీసేస్తే మోహనం. ఈ ఒక్క తీగ సాధనతో వేళ్లకి దూరాలు తెలుస్తాయి, చెవికి ఫ్రెట్లు తెలుస్తాయి.

కార్డ్ అంటే ఏమిటో కూడా దీంతోనే అర్థమవుతుంది. స, గ, ప మూడూ ఒకేసారి మోగితే కార్డ్. గ అంతర గాంధారమైతే (నాలుగో ఫ్రెట్) మేజర్, సాధారణ గాంధారమైతే (మూడో ఫ్రెట్) మైనర్. కావాలంటే ఈ మేజర్ (E) కార్డ్ పట్టుకుని చూడు. జి తీగ మొదటి ఫ్రెట్ మీద చూపుడు వేలు ఉంటుంది. మీటి, మోగుతుండగా ఆ వేలు లేపి మళ్లీ మీటు. ఈ మైనర్ వస్తుంది. పట్టులో మారింది ఆ ఒక్క గాంధారమే, పాట రంగే మారిపోయినట్టుంటుంది. మా అబ్బాయి మొదటిసారి ఇది విన్నప్పుడు ఒక సాయంత్రమంతా ఆ వేలు ఎత్తడం, దించడంతోనే గడిపేశాడు.

మీ పిన్నిగారు ఏ శ్రుతిలో పాడతారో అడుగు. ఒకటి అంటే సి. ఒకటిన్నర అంటే కాపో మొదటి ఫ్రెట్‌కి పెట్టి సి పట్లే వాయించు. రెండు అంటే రెండో ఫ్రెట్‌కి. ఆడగొంతులు తరచూ ఐదు, ఐదున్నర దగ్గర ఉంటాయి, అప్పుడు జి పట్లు తీసుకుని కాపో ఒకటో ఫ్రెట్‌కి పెడితే ఐదున్నర.

ఒక్క హెచ్చరిక. వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి, స్వరం తేడా వస్తే మెట్టు సరిచేయించుకోవచ్చు. మా పక్క గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేసేవాళ్లు 24 మెట్లనీ చెవితో విని కూర్చోబెడతారు. గిటార్ ఫ్రెట్లు బిగించేసి ఉంటాయి, జరగవు. అందుకని తీగని అవసరానికి మించి నొక్కితే స్వరం పైకి పోతుంది, దాన్ని సరిచేసేది నీ వేలే. మోగడానికి సరిపోయేంతే నొక్కు. ముందు వేలు ఊరికే ఆనించి మీటుతూ, కొంచెం కొంచెం బలం పెంచుతూ, స్వరం శుభ్రంగా పలికిన చోట ఆపు. అంత తక్కువ చాలా అని నీకే ఆశ్చర్యమేస్తుంది. వేళ్ల నొప్పి కూడా తగ్గుతుంది.


అయ్యకోనేరు మాస్టారు:

అమ్మా, చక్కగా చెప్పారు. ఆ ఈ మేజర్, ఈ మైనర్ సంగతి రేపటి నుంచి నా పిల్లలకీ చేయిస్తాను.

బాబూ, ఎత్తు సంగతి. ముందు మెడ వంగిందేమో చూడాలి. తీగని ఒకటో ఫ్రెట్ దగ్గరా, 14వ ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ మీద సందు చూడు. కాగితం రెండు మూడు మడతలంత ఉంటే మెడ బాగానే ఉంది. చాలా ఎక్కువుంటే మెడలోని ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోహపు కడ్డీ) తిప్పాలి. అది పావు మలుపుకి మించకుండా, తెలిసినవాళ్లు తిప్పాల్సిన పని.

మెడ బాగుంటే మిగిలింది శాడిల్, అంటే బ్రిడ్జి (పైచెక్క మీద తీగలు బిగించే చెక్కముక్క) మీద తీగల కింద ఉండే తెల్ల పట్టీ. 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా నడుమ కాబట్టి, అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు అరగాలి. పట్టీ బయటికి తీసి, అడుగు వైపు పెన్సిల్ గీత గీసి, అద్దం మీద పరిచిన గరుకు కాగితం మీద నిటారుగా పట్టుకుని రుద్దాలి. పైవైపు ఎప్పుడూ రుద్దకూడదు. గీత దాటకుండా, మధ్యమధ్య గిటార్‌కి పెట్టి చూసుకుంటూ వెళ్లాలి. ఓపిక ఉంటే నువ్వే చేసుకోవచ్చు. నట్‌లోని గాడులు మాత్రం ఇంట్లో ఆకురాయితో ముట్టుకోవద్దు. ఒక్క గీత ఎక్కువైతే ఖాళీ తీగ జిర్రుమంటుంది, నట్టే మార్చాల్సి వస్తుంది.

ఎఫ్ కి తొందరేం లేదు. ముందు చిన్న ఎఫ్ నేర్చుకో. సి పట్టుకుని ఉంగరపు వేలు ఏ (A) తీగ నుంచి డి తీగ మూడో ఫ్రెట్‌కి, మధ్యవేలు డి నుంచి జి తీగ రెండో ఫ్రెట్‌కి దింపు. చూపుడు వేలు ఉన్నచోటే ఉంటుంది. కింది నాలుగు తీగలే మీటు. పేరుకి ఎఫ్ మేజర్ సెవెన్, చాలా పాటల్లో ఎఫ్ బదులు హాయిగా సరిపోతుంది. పూర్తి ఎఫ్ పట్టుని మొదటి ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టొద్దు. అదే ఆకారం అయిదో ఫ్రెట్ దగ్గర పెట్టు, అక్కడ ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి, తీగ సులువుగా దిగుతుంది. చూపుడు వేలు బల్లపరుపుగా కాకుండా బొటనవేలి వైపు కాస్త ఒరిగించి ఎముక అంచుతో నొక్కు. బలం పిడికిలితో కాదు, మోచేతిని కొంచెం వెనక్కి లాగితే వస్తుంది. కుదిరాక వారానికో ఫ్రెట్ చొప్పున కిందికి దిగు. నట్ సరిచేయించాక మొదటి ఫ్రెట్ దగ్గరికి రా.

నీకున్న అరగంటలో మొదటి అయిదు నిమిషాలు శ్రుతి, స్వరాలు. తర్వాత పది నిమిషాలు చిక్ చిక్ చప్పుడు, దాంట్లోకి ఒకే ఒక్క మార్పు. మిగతా సమయమంతా పాట. పాట లేకుండా లేవకు. అలిసిపోయి వచ్చిన రోజు మిగతావి వదిలేసినా ఆ పది నిమిషాలు వదలకు.

మన వైపు గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో గిటార్ పైచెక్క నీరు పీల్చి ఉబ్బితే తీగల ఎత్తు మళ్లీ పెరుగుతుంది, తీగలు తుప్పు పడతాయి. వాయించాక పొడి గుడ్డతో తీగలు తుడువు, సంచిలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. మేలో ఎండలో ఆగిన కారులో మాత్రం ఎప్పుడూ వదలకు, వేడికి జిగురు వదిలి బ్రిడ్జి లేచిపోతుంది. 

శాడిల్ రుద్దడానికి చెయ్యి వణికితే ఆదివారం పొద్దున్న గిటార్ పట్టుకుని రా, నట్ కూడా చూద్దాం. నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు, ఎక్కడికి రావాలో చెబుతాను. తీగలు ముందే మార్చేస్తే పాతవి పారేయకుండా తీసుకురా. వాటి మందం చూస్తే నట్ గాడి ఏ తీగకి కోసి ఉందో తెలుస్తుంది.